మనస్సాక్షి ఓటుకు భండారా పరీక్ష

ప్రతి ఎన్నికలోనూ మన వాడల్లో ఇదే వాదన. గెలవలేని మన అభ్యర్థికి వేసి ఓటు 'పాడు' చేసుకోవాలా, లేక ఉన్నవాళ్లలో తక్కువ ప్రమాదకారికి వేసి గండం గడుపుకోవాలా? దీన్ని నీతి ప్రశ్నగానే చర్చిస్తుంటాం. కానీ ఓటు లెక్కించే పద్ధతిని వదిలేస్తే ఈ చర్చ తెగదు.

1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రిజర్వుడు సీట్లు ఉమ్మడి నియోజకవర్గాల్లోకి వచ్చాయి. అయినా 1937లో బొంబాయి రాష్ట్రంలో ఓటరు తన ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేసుకోగలిగేవాడు. అంబేడ్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీకి అది కలిసొచ్చింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ దారి మూసేసింది. ద్విసభ్య నియోజకవర్గంలో రెండు ఓట్లూ ఒకరికే వేస్తే ఒకటే చెల్లుతుంది.

1952లో ఉత్తర బొంబాయిలో అంబేడ్కర్ సుమారు 14 వేల ఓట్ల తేడాతో కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. వేలాది ఓట్లను కావాలని వృథా చేయించారంటూ ఆయన, సోషలిస్టు నేత అశోక్ మెహతా పిటిషన్ వేశారు. అది నెగ్గలేదు.

1954 భండారా ఉపఎన్నిక ఇంకా కఠినమైనది. జనరల్ సీటుకు మెహతా, రిజర్వుడు సీటుకు అంబేడ్కర్. చట్టం ప్రకారం ముందు రిజర్వుడు సీటు నింపి, తర్వాత మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రెండో సీటు ఇస్తారు. అంటే దళితులు రెండో ఓటు మెహతాకు వేయకుండా వదిలేస్తే, రిజర్వుడు సీటు పోయినా అంబేడ్కర్‌కు జనరల్ సీటు దక్కే అవకాశం ఉంది. కార్యకర్తలు ఆ సూచనే చేశారనీ, రాజ్యాంగం రాసిన తాను ఓటు వృథా చేయమని చెప్పలేనని ఆయన ఒప్పుకోలేదనీ జీవితచరిత్రలు చెబుతాయి. మెహతా గెలిచారు. అంబేడ్కర్ 8 వేలకు పైగా ఓట్లతో ఓడారు. మన ఓటు మిత్రుడికి చేరింది, మిత్రుడి వెనకున్న సవర్ణ ఓటు మనకు చాలినంత చేరలేదు. పొత్తుల్లో నేటికీ మనం అడగాల్సింది ఈ బదిలీ లెక్కే.

ఇదే నియమం 1957లో పార్వతీపురంలో తిరగబడింది. ఇద్దరు గిరిజన అభ్యర్థులు రెండు సీట్లూ గెలిచారు, వి.వి.గిరి ఓడిపోయారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1959లో తీర్పు అనుకూలంగా రాలేదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేశారు. ఆ రద్దు ఎవరి ఇబ్బంది తీర్చిందో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇప్పుడు చేతిలో ఒకే ఓటు. సుప్రీంకోర్టు 2013 తీర్పుతో నోటా మీట వచ్చింది గానీ, లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకే ఎక్కువ ఓట్లు పడ్డా ఆ తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు. నిరాకరణ నమోదవుతుంది, బేరమాడే శక్తి రాదు.

కాన్షీరాం మరో దారి పట్టారు. 1988 అలహాబాద్ ఉపఎన్నికలో వి.పి.సింగ్ మీద ఓడిపోతానని తెలిసే నిలబడి సుమారు 70 వేల ఓట్లు తెచ్చుకున్నారు. ఓటు 'పాడైంది' అన్నారు చాలామంది. మరుసటేడు బీఎస్పీ నుంచి ముగ్గురు లోక్‌సభకు వెళ్లారు. 1995లో మాయావతి ముఖ్యమంత్రి అయ్యారు, బీజేపీ మద్దతుతో.