కృత్రిమ డీఎన్ఏ – పుంగనూరు ఆవు

జీవి నుంచి తీయకుండా, ప్రయోగశాలలో రసాయనికంగా అక్షరం తరవాత అక్షరం కూర్చిన జన్యుపదార్థం కృత్రిమ డీఎన్ఏ. హరగోవింద్ ఖురానా బృందం 1970లో తొలి జన్యువును కట్టింది. 2010లో క్రెయిగ్ వెంటర్ బృందం పది లక్షలకు పైగా అక్షరాలున్న బాక్టీరియా జన్యురాశిని తయారుచేసింది. జన్యురాశినే రాయగలిగినప్పుడు మరి మదనపల్లె, నిమ్మనపల్లె సీమ వైపు అరుదైపోయిన పుంగనూరు పొట్టి ఆవు కోసం పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో మందను మేపడం దేనికని అడగవచ్చు. మూడడుగుల ఎత్తు, వెన్న ఎక్కువున్న పాలు, ఎండుమేతతో నెట్టుకొచ్చే ఓర్పు ఏదో ఒక్క జన్యువు చలవ కాదు. ఆవు జన్యురాశి దాదాపు 270 కోట్ల అక్షరాలు. అదంతా రాయగలిగినా మోయడానికి సజీవమైన అండం, గర్భం ఉండాలి. మంద పోయాక జన్యుక్రమం మిగిలితే అది పశువు కాదు, సమాచారం.

అలాగని ఈ విద్యను తోసిపుచ్చలేం. పీసీఆర్ పరీక్షలో వాడే ప్రైమర్లు కృత్రిమ డీఎన్ఏ ముక్కలే. అసలు భయం వేరే చోట ఉంది: కెనడా పరిశోధకులు కొనుక్కున్న డీఎన్ఏ ముక్కలతో గుర్రపు మశూచి వైరస్‌ను మళ్లీ నిర్మించి 2018లో ప్రచురించారు. డీఎన్ఏ ఆర్డర్లపై తనిఖీలు పరిశోధనకు అడ్డమంటారు గానీ, ఆర్డరు వచ్చిన ప్రతి క్రమాన్నీ ప్రమాదకర సూక్ష్మజీవుల క్రమాలతో పోల్చడం కంప్యూటరు చేసే పని. దాన్ని ఐచ్ఛికంగా వదిలేయకుండా చట్టంతో తప్పనిసరి చేయాలి. ఇక పుంగనూరు జాతిని తరతరాలుగా పెంచిన రైతులకు, ఆ జన్యుక్రమంతో వచ్చే లాభంలోనూ వాటా దక్కాలి.