కేకలు లేకుండా వార్త చెప్పినోళ్లు



టీవీ పెడితే కేకలే తప్ప వార్త లేదని మనోళ్లు చాలామంది అంటారు. నిదానంగా చెబితే ఎవరూ చూడరు, అరవాల్సిందే అని ఇంకొందరి వాదం. తెలుగు టీవీ వార్తల చరిత్ర చూస్తే ఆ వాదం నిలవదు.

హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న మొదలైనాయి. తొలిగా చదివింది శాంతి స్వరూప్ గారు. ఎదురుగా అక్షరాలు నడిచే టెలిప్రాంప్టర్ అప్పుడు లేదు. కాగితంలో ఉండేది మనసులో పెట్టుకొని చూసేవాళ్ల వైపు తిరిగి చెప్పాల. అట్లా చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాల. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు ఎంతమంది తలుచుకొన్నారో చూసినాం కదా.

ఆ వార్తలు మన హోసూరు, కృష్ణగిరికి అందలేదు. ఇక్కడి యాంటెన్నాలకు చిక్కింది కన్నడం, తమిళం. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలై, కేబుల్ వైరు మన వీధులకు వచ్చినాకే తెలుగు వార్త ఇంట్లోకి వచ్చింది. నా మాదిరి తమిళ మీడియంలో చదివినోళ్లకు 'దిగుబడి', 'గిట్టుబాటు ధర' అనే మాటలు నేర్పింది అందులోని 'అన్నదాత' కార్యక్రమమే. రైతు తన పొలంలో నిలబడి ఖర్చెంత, రాబడెంత అని చెబుతా ఉంటే లేచిపోబుద్ధి కాదు.

2003 చివర్లో ఈటీవీ 2, 2004లో టీవీ9 వచ్చినాక వార్త రోజంతా నడిచింది. జరిగిన చోటి నుంచే చూపడం మంచిదే. అయితే గంటగంటకూ కొత్తది కావాలంటే సరిచూసే తీరిక తగ్గిపోతుంది.

దాని ఫలితం 2010 జనవరి 7న కనిపించింది. అంతకుముందు సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయినారు. దాని వెనక కుట్ర ఉందని ఒక విదేశీ వెబ్‌సైట్ రాసిన రుజువు లేని కథను ఒక తెలుగు చానెల్ చూపింది. ఇంకొన్ని చానెళ్లు అందుకొన్నాయి. ఆ రాత్రే ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్ల రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగినాయి. పాత్రికేయులు అరెస్టయినారు.

2012లో వచ్చిన వీ6 ఇంకో దారి చూపింది. 'తీన్మార్ వార్తలు' తెలంగాణ యాసలో, నవ్విస్తా సాగినాయి. విషయం గట్టిగా ఉంటే యాసా నవ్వూ తప్పు కాదు, జనానికి దగ్గర చేస్తాయి.

ఇప్పుడు మన సంగతి. 2006 తమిళ చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మన తెలుగు బడుల కష్టం టీవీలో రావాలని అందరమూ కోరుతున్నాం. ఏడ్చే బిడ్డను చూపిస్తే ఒకరోజు చూస్తారు, మరుసటిరోజు మరిచిపోతారు. ఏ బడిలో పిల్లలెంత, తెలుగు అయ్యవార్లు ఎంత, ఖాళీలెన్ని, అధికారులు ఏమంటారు అని చెబితే నిలుస్తుంది. రైల్వే కౌంటర్లో రోజు ముగిస్తే టికెట్లూ డబ్బూ సరిపోవాల. మనం విలేకరికి ఇచ్చే లెక్కా అట్లే సరిపోవాల.

మీ ఊరి బడి లెక్క కనుక్కొని కింద రాయండి. విన్నది వద్దు, బడికి పోయి అడిగింది రాయండి. అన్నీ చేర్చి సంఘం తరపున ఇస్తాం.