వీధిబడి చదువులు

తెలుగునాట ప్రాథమిక విద్యకు చిరకాలము నిలయమై యుండినది వీధిబడి. దానికి వేరుగ భవనము లేదు. ఊరిలో సంపన్నుని యింటి వీధి అరుగో, దేవాలయ మంటపమో, పంతులుగారి యింటి పంచయో, చెట్టునీడయో పాఠశాల యగుచుండెను. పంతులొక్కడే. నల్లబల్ల లేదు, అచ్చుపుస్తకము లేదు, హాజరుపట్టీ లేదు. అయినను ఆ బడిలో అక్షరములు నేర్చినవారే కరణములై లెక్కలు వ్రాసిరి. వర్తకులై చిట్టా ఆవర్జాలు నడపిరి. పురాణము చదివి పదిమందికి వినిపించిరి. ఆ అరుగుపై ప్రతిదినము ఏమి జరుగుచుండెనో, అందు మేలెంతయో, లోపమెంతయో తెలిసికొనుట నేటి పాఠశాలకును, దాని ప్రక్కన వెలసిన గ్రంథాలయమునకును సరియైన విలువ కట్టుటకు తోడ్పడును.

ఈ బడులనుగూర్చి నమ్మదగిన వృత్తాంతము లభించుటకు కారకుడు సర్ తామస్ మన్రో. ఆయన చెన్నపట్టణపు గవర్నరుగా నుండి 1822 జూను నెలలో, ప్రతి జిల్లాలోను బడులెన్ని, పిల్లలెందరు, ఏమి చదువుచున్నారు అను విషయములు తెలుపవలసినదిగా కలెక్టరుల నాజ్ఞాపించెను. లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చిలో ఆయన వ్రాసిన నివేదికనుబట్టి ఆ రాజధానిలో 12,498 బడులును, వానిలో 1 లక్షా 88 వేలకు పైబడిన విద్యార్థులును ఉండిరి. జనసంఖ్య 1 కోటి 28 లక్షలు. అనగా సుమారు వేయిమందికొక బడి యన్నమాట.

కలెక్టరులు పంపిన జాబులలో మిక్కిలి వివరముగా నున్నది 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ వ్రాసినది. అంతకు ఏడేండ్ల క్రిందట, 1816 లో, తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించి ప్రకటించిన పండితుడాయన. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమును, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలును చేరియుండెను. ఆ జిల్లాలో 533 బడులుండగా వానిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మొదలగునవి. మొత్తము విద్యార్థులు 6,641 మంది. సగటున బడికి పండ్రెండుగురు మాత్రమే.

అక్షరాభ్యాసము

పిల్లవానికి ఐదవ యేడు రాగానే అక్షరాభ్యాసము జరుగుచుండెను. పంతులును, బడిపిల్లలును ఆ యింటికి ఆహూతులై వచ్చి వినాయకుని ప్రతిమచుట్టును కూర్చుండెడివారు. ధూపనైవేద్యములైన పిదప పంతులు బాలునిచే ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టి పళ్లెములోని బియ్యముపై దేవుని నామము వ్రాయించుచుండెను. ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అను మంత్రమే క్రమముగా పిల్లల నోట ‘ఓనమాలు’ అయినది. ఏ విద్యలోనైనను తొలిపాఠమును ఓనమాలని వ్యవహరించుట దీనినుండియే మన భాషలో నాటుకొన్నది. తల్లిదండ్రులు తమ శక్తికొలది పంతులుగారికి సంభావన యిచ్చి పంపుచుండిరి. మరునాటి ఉదయమే పిల్లవాడు బడికి పోవలెను.

ప్రాతఃకాలపు బడి

బడి వేకువ ఆరు గంటలకే ఆరంభమగుచుండెను. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి నామము వ్రాయబడును. అది గౌరవచిహ్నము. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి బెత్తముతో ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాతివారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. గడియారము లేని పల్లెలో పిల్లలను వేళకు రప్పించుటకు కల్పించిన యుపాయమిది. కడపట వచ్చినవాని గతి యెట్లుండెనో ఊహింపవచ్చును.

పిల్లలు సాధారణముగా నాలుగు తరగతులుగా కూర్చుండెడివారు. తరగతి మారుటకు సంవత్సరాంత పరీక్ష లేదు. నేర్చినవాడు నేర్చినట్లు పైకి పోవుచుండెను. పెద్ద తరగతులకు పంతులు స్వయముగ పాఠము చెప్పుచు, చిన్న తరగతులను చదువులో ముందున్న విద్యార్థులకు అప్పగించెడివాడు. చెప్పువానికి తన పాఠము గట్టిపడుచుండెను. వినువానికి తనకంటె కొంచెమే పెద్దవాడు చెప్పుటచే జంకు తీరుచుండెను. ఈ పద్ధతి చెన్నపట్టణములో ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుని ఆకర్షించినది. దేశీయ బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుట చూచి ఆయన దానిని తన శరణాలయములో ప్రవేశపెట్టెను. పిల్లలచే పిల్లలకు చెప్పించు క్రమమును అచ్చటనే వృద్ధిచేసెను. 1797 లో లండనులో ఒక గ్రంథము ప్రకటించి ఆ క్రమమును ఇంగ్లండులో వ్యాపింపజేసెను. దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరు వచ్చినది. కాంబెలు కూడ ఈ పద్ధతిలోని పొదుపును కొనియాడి, ఇంగ్లండు దాని ననుకరించుట యుక్తమే యనెను.

ఇసుక, కడితము, తాటియాకు

అక్షరములను నోట వల్లించుటకు ముందు చేత వ్రాయించుట వీధిబడిలోని విశేషము. నేలపై ఇసుక పోసి, దానిలో వ్రేలితో దిద్దించుచుండిరి. తప్పు వచ్చిన అరచేతితో చదును చేసినచో చాలును. కాగితము ఖర్చు లేదు, చెరిపివేతల మచ్చ లేదు. వ్రేలు తిరిగిన పిదప తాటియాకుపై గంటముతో వ్రాయు నధికారము కలుగును. లేక కాగితముపై రెల్లుకలముతో వ్రాయవచ్చును. బళ్లారి సీమలో ఎక్కువ వాడుకలో నుండినవి రెండు: ఒకటి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పుగల చెక్కపలక. దానిని నున్నగా చిత్రికపట్టి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసెడివారు. రెండవది కడితము. గంజిపెట్టి బిగువు చేసిన గుడ్డను పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గు, జిగురు కలిపిన పూత పూసినచో కడితమగును. వీనిపై బలపముతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచివేయుచుండిరి. తరువాతి కాలమున వచ్చిన రాతిపలకకు ఇవియే పూర్వులు.

అక్షరములు, గుణింతములు, ఒత్తులు అయిన తరువాత మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు వ్రాయించెడివారు. ఈ క్రమము గమనింపదగినది. పిల్లవాడు తాను నిత్యము విను మాటనే మొదట వ్రాయగలుగుచుండెను. తన పేరు తాను వ్రాసికొన్న దినమున ఆ బాలునికి అక్షరము పరాయిది కాక తనదగుచుండెను.

ఎక్కములు, కొలతలు

లెక్కల విషయమున వీధిబడి మిక్కిలి శ్రద్ధ వహించినది. నూరు వరకు అంకెలు, కూడిక, తీసివేత, ఎక్కములు, ఆపై ద్రవ్యము, ధాన్యము, తూనికలు, భూమి కొలతలు నేర్పుచుండిరి. భిన్నములు పదింటి చొప్పునగాక నాల్గింటి చొప్పున దిగుచుండెను. ఒకటిలో నాల్గవ వంతు పావు. పావులో నాల్గవ వంతు వీసము. అట్లే యింకను దిగువకు పోవుచుండిరి. ధాన్యమునకు నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇట్లు పెరిగి యిరువది తూములు ఒక పుట్టి. దినమునకు రెండుమారులు పిల్లలందరు వరుసలుగా నిలువబడి, ఒక పెద్ద విద్యార్థి చెప్పగా ఈ పట్టికలన్నియు ఎలుగెత్తి వల్లింపవలెను. ఆ ధ్వని వీధి చివరివరకు వినబడుచుండెను. 1957 ఏప్రిలు 1వ తేదీన నయాపైసలును, ఆ పిమ్మట కిలోగ్రాములు, లీటర్లు, మీటర్లును వచ్చుటతో ఈ పట్టికల యవసరము తీరినది.

ఎక్కువ చదువుకొనువారికి పలువిధముల దస్తూరీ చదువుట, జాబులు వ్రాయుట, ఒడంబడికలు వ్రాయుట నేర్పుచుండిరి. ఇందుకై పంతులు పాత జాబులు సేకరించి యుంచెడివాడు. అప్పుపత్రమును తాను చదువుకొనగల రైతును మోసగించుట సులభము కాదు. ఇతిహాసపురాణములలో రామాయణము, మహాభారతము, భాగవతము అన్ని బడులకును సామాన్యము. అమరము, ఆంధ్రనామసంగ్రహము మొదలగు నిఘంటువులును కంఠస్థము చేయించుచుండిరి.

పంతులుగారి జీవనము

పంతులుకు సర్కారు జీతము లేదు. పిల్లల తల్లిదండ్రు లిచ్చు నెలజీతము, పంటకాలపు ధాన్యము, శుభకార్యముల సంభావనలే జీవనాధారము. దసరాలో పిల్లలు విల్లంబులు చేతబట్టి, పద్యములు పాడుచు పంతులుగారి వెంట ఇంటింటికి పోయెడివారు. పిల్లలకు పప్పుబెల్లములు, పంతులుకు కట్నము లభించుచుండెను. ఊరి వేడుకయు, ఉపాధ్యాయుని పోషణయు ఒక్కటిగా జరుగు నాచారమిది.

కాని ఊరు చల్లగా నున్నప్పుడే బడి చల్లగా నుండును. జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేకుండుటకు సిగ్గుపడుచున్నట్లు కాంబెలు వ్రాసెను. ఇంగ్లండు బట్టల దిగుమతిచే నేతపనివారి జీవనము చెడుట మొదలైన కారణములచే దేశము బీదపడినదనియు, చదివించు శక్తియున్న కుటుంబములు తగ్గినవనియు, పూర్వము బడులుండిన పల్లెలు పెక్కింట బడులే లేవనియు ఆయన విన్నవించెను. మగ్గ మాగినచోట బడియు ఆగినదని యీ నివేదిక తెలుపుచున్నది.

లోపములు

వీధిబడిని కేవలము పొగడుటయు న్యాయము కాదు. దానిలో మూడు పెద్ద లోపములుండెను.

మొదటిది అర్థము లేని వల్లెవేత. గ్రంథముల భాష వేరు, పిల్లలు మాటలాడు భాష వేరు. వందలకొలది పద్యములు తప్పులేక అప్పగించు బాలుడు వాని యర్థమేమని యడిగిన చిలుకవలె చూచుచుండెనని కాంబెలు ఆక్షేపించెను. ఉచ్చారణ తీర్చుటకు, జ్ఞాపకశక్తి పెంచుటకు వల్లెవేత పనికివచ్చిన మాట నిజమే. కాని అర్థము తెలియని చదువు పుస్తకము మూయగానే నిలిచిపోవును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గిడుగు రామమూర్తి పంతులుగారును, గురజాడ అప్పారావుగారును చదువులో వాడుకభాషకు చోటుండవలెనని వాదించుటకు మూలమైన చిక్కు ఇదియే.

రెండవది కఠినదండనము. బెత్తము, గుంజిళ్లు అటుంచగా, ‘కోదండము’ అను శిక్షయు నుండెను. రెండు చేతులతో బాలుని పైకప్పునుండి వ్రేలాడదీయుటయే కోదండము. ఈ భయముచే బడి మానిన పిల్లల లెక్క యే నివేదికలోను లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను స్పష్టముగా నిషేధించినది.

మూడవది అందరిలో పెద్ద లోపము: అరుగు ఎక్కలేనివారి సంగతి. బళ్లారి లెక్కలలో బ్రాహ్మణ బాలురు 1,185 మంది కాగా శూద్ర బాలురు 2,998 మంది. కాబట్టి వీధిబడి అగ్రవర్ణములవారికే పరిమితమను మాట సరికాదు. కాని 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. ఇక అంటరానివారని దూరముంచబడిన పేటల పిల్లలకు సంపన్నుని యింటి అరుగుగాని, గుడి మంటపముగాని బడి కాజాలదు. బడి యున్న స్థలమే వారికి అడ్డుగోడ యైనది. ఈ గోడను తొలగించుటకు ఎందరో శ్రమించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పిరి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1910 నుండి దళిత బాలబాలికలకు బడులు స్థాపించిరి. వీరి బడులలో పిల్లలు దిద్దినవి పాత ఓనమాలే. కాని దిద్దిన చేతులు క్రొత్తవి.

బడినుండి గ్రంథాలయమునకు

క్రమముగా వీధిబడి రూపు మారినది. 1832 లో పుదూరు సీతారామశాస్త్రిగారి బాలశిక్ష అచ్చుపడెను. అది వృద్ధియై పెద్దబాలశిక్షగా ఇంటింట వెలసినది. 1854 తరువాత సర్కారు విద్యాశాఖ, తనిఖీదారులు, గ్రాంటులు వచ్చినవి. అనేక వీధిబడులు ఎయిడెడు బడులై, పిమ్మట లోకలు బోర్డు బడులలో కలిసిపోయినవి. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము నిర్బంధవిద్యకు త్రోవ చూపెను.

అయితే అక్షరము వచ్చినంతమాత్రమున చదువు నిలువదు. ఐదేండ్లు మాత్రము చదివి, పేదరికముచే పొలమునకు మరలిన బాలుడు చేతికి పుస్తకము దొరకకున్న పదేండ్లలో వ్రాలుచేయుటకే తడబడును. ఈ సత్యమును గుర్తించినవారే ఆంధ్ర గ్రంథాలయోద్యమము నడపిరి. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1914 లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. 1935 లో పాతూరి నాగభూషణముగారి కృషిచే కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయము పల్లెలకు పుస్తకములు చేర్చినది. రాత్రిబడులు పెట్టి, పెద్దలచేత ఓనమాలు దిద్దించిన గ్రంథాలయములును కలవు.

వీధిబడి నేర్పిన మంచి అలవాట్లు మూడు: వేకువనే మేల్కొనుట, చేతితో వ్రాసి నేర్చుట, తెలిసినవాడు తెలియనివానికి చెప్పుట. అది నేర్పలేకపోయినది అర్థము తెలిసికొని చదువుట. చేర్చుకొనలేకపోయినది ఊరిలోని అందరి పిల్లలను. ఈ రెండు కొరతలను తీర్చు భారము నేటి బడిపై నెంత గలదో, గ్రామ గ్రంథాలయముపైనను అంతయే గలదు. గ్రంథాలయపు గడప దాటుటకు కులము అడ్డు కారాదు, ఆడపిల్ల యనుట అడ్డు కారాదు, అచ్చట బెత్తము ఉండరాదు. ఏ పేటనుండి వచ్చిన బాలికయైనను తన కిష్టమైన పుస్తకమును తీసికొని, తెలియని మాటను ప్రక్కవారి నడిగి, అర్థము చేసికొని ఇంటికి పోవు దినము ఆ గ్రామమునకు నిజమైన అక్షరాభ్యాస దినము.