నక్కవాగు కింది మడి

వరంగల్ వాళ్లకు చెరువు మట్టి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద కాకతీయుల నాటి నుంచి వరి పండుతోంది. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక తవ్వి, బండ్లకెత్తి పొలాల్లో పోసేవాళ్లు. ఆ నల్లమట్టి పడ్డ మడి ఆ యేడు కళకళలాడేది. చెరువు నుంచి వచ్చే మట్టి ఏదైనా మేలే చేస్తుందన్నది మన తాతల నమ్మకం. ఆ నమ్మకాన్ని మన కళ్లముందే పోగొట్టుకున్న నేల ఒకటుంది. హైదరాబాద్‌కు అవతల, పేరులోనే చెరువున్న పటాన్‌చెరు.

అక్కడ నక్కవాగు పారి మంజీరలో కలుస్తుంది. వాగు కింద, దాని వెంట ఉన్న చెరువుల కింద వరి పండేది. 1970లలో పారిశ్రామికవాడ వచ్చింది. ఆ వెనకే బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి వైపు మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు లేచాయి. కొలువులొస్తాయన్నారు, కొన్ని వచ్చాయి కూడా. అయితే కంపెనీ వాడి వదిలిన నీళ్లు ఎటో ఒకటు పోవాలి. ఆ నీళ్లకు వాగే తోవ అయింది.

నీళ్ల రంగు మారడం ముందుగా చూసింది రైతులే. వేసిన నాటు మాడింది. బావుల్లో నీళ్లు తాగరాకుండా పోయాయి. రోగులను చూస్తూ చూస్తూ ఆ ఊరి డాక్టర్ ఎ. కిషన్‌రావు రోడ్డెక్కారు. జీవితమంతా ఆ పోరాటానికే పెట్టారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు వచ్చింది. కేసు వేసిన నాడు పుట్టిన బిడ్డకు తన బిడ్డలు పుట్టేంత కాలం గడిచింది. పోయిన పంటకు పరిహారమన్నారు. ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఆ నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైన్‌తో నగరం మురుగులో కలిపి మూసీ పక్కనున్న అంబర్‌పేటకు పంపారు. అంటే నక్కవాగు బరువులో కొంత మూసీ మీద పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అతి తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితా వేస్తే అందులో పటాన్‌చెరు-బొల్లారం ఉంది.

ఇంత జరిగినా మట్టి మాట ఎవరూ పట్టించుకోలేదు. నా దుఃఖమంతా అక్కడే. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు అక్కడి నేలలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నాయని 2001లోనే రాశారు. పెంట కుళ్లుతుంది, శవం కుళ్లుతుంది, లోహం కుళ్లదు. వాగులో విషపు నీళ్లు ఆగినా మడిలో దిగిన సీసం అక్కడే ఉంటుంది.

పైగా వరి మడి తీరు వేరు. నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. అప్పుడు ఇనుప తుప్పును అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ నీళ్లలోకి వదులవుతుంది. సిలికాను తీసుకునే దారిలోనే వరి వేరు దాన్నీ లోపలికి తీసుకుంటుంది. పోనీ అని నీళ్లు ఆరగడితే, అదే నేలలో కాడ్మియం ఉన్నచోట అది గింజలోకి ఎక్కుతుంది. ఎటు తిప్పినా రైతుకే ఉరి.

బాగుచేసే దారి లేదా అంటే ఉంది. మన పాత గోడల సందుల్లో మొలిచే ఒక ఫెర్న్ మొక్క ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగుతుందని 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దాన్ని పెంచి, కోసి, దూరంగా తీసుకుపోవాలి. అది ఏళ్లకేళ్ల పని. జపాన్‌లో జింజు నది కింద గని నుంచి వచ్చిన కాడ్మియం వరి మడుల్లో చేరి, అన్నం తిన్నవాళ్ల ఎముకలు విరిగాయి. ‘నొప్పి నొప్పి’ అని ఏడ్చిన ఆ ఏడుపే జబ్బు పేరైంది. అక్కడ బాధితులు కోర్టులో గెలిచారు. 860 హెక్టార్లకు పైగా పొలాల్లో చెడ్డ మట్టిని కిందికి పూడ్చి, పైన మంచి మట్టి పరిచారు. 1979లో మొదలైన పని 2012లో ముగిసింది. కంపెనీ, ప్రభుత్వం కలిసి ఖర్చు భరించాయి. ముప్పై మూడేళ్లు పట్టింది, కానీ మడి మళ్లీ మడి అయింది. నక్కవాగు కింద అలాంటి పని జరగలేదు. మట్టి కడగకముందే పొలాలు ప్లాట్లవుతున్నాయి.

ఇప్పుడు మన వరంగల్. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లు వదిలారు. నగరం మురుగు ఏళ్ల తరబడి దిగిన చెరువది. అలాంటి చెరువు మట్టి పొలానికి చేరితే అందులో ఏముందో ఎవరు చెప్పాలి? రైతు చేతికిచ్చే నేల ఆరోగ్య కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్, ఇంకొన్ని. వాటిలో సీసం లేదు, కాడ్మియం లేదు, ఆర్సెనిక్ లేదు. అన్నలారా, ఏ నగర చెరువు మట్టినైనా ట్రాక్టర్‌కు ఎత్తే ముందు ఆ మూడింటి పరీక్ష కాగితం అడగండి. కాగితం చూపించకపోతే ఆ మట్టిని మడిలో పోయకండి.