కొండయు నెలుకయు: సామెతల సామ్యమునకు గీటురాయి

రెండు భాషలలో నొకే భావముగల సామెతలు కనబడినంతనే యొకటి మరియొకదానినుండి పుట్టినదని కొందరును, మానవస్వభావ మెల్లెడల నొక్కటియే యగుటచే రెండును తమంత తామే పుట్టినవని కొందరును నిర్ణయించుట పరిపాటి. కెప్టెన్ కార్ 1868లో మదరాసున ప్రకటించిన ‘ఆంధ్రలోకోక్తిచంద్రిక’ మొదలుకొని తెలుగు సామెతల ప్రక్కన పాశ్చాత్య సామెతలను నిలుపు నలవాటు మనకు కలదు. నిలుపుట సులభము, వాని సంబంధమును తేల్చుట కష్టము. ఐరోపా సామెతల చరిత్ర కొంత స్పష్టముగ తెలిసియున్నది గావున, ముందు దానిని పరిశీలించి, యట లభించు కొలబద్దతో మన సామెత నొకదానిని కొలిచి చూతము.

‘ఒక్క వానకోవెల వచ్చినంత వసంతము రాదు’ అను గ్రీకు సామెతను అరిస్టాటిలు తన నీతిశాస్త్రమున వాడెను. ఎరాస్మసు దానిని లాటినులో తన సంపుటమున చేర్చెను. 1500లో పారిసునందు చిన్న పొత్తముగ వెలువడిన యా సంపుటము 1508 నాటి వెనిసు ముద్రణమున మూడువేలను, 1536 నాటికి నాలుగువేలను మించిన సామెతలతో పెరిగినది. లాటిను బడులును, అచ్చుకూటములును దానిని దేశదేశములకు చేర్చినవి. ఫ్రెంచి, ఇటాలియను, రష్యను భాషలలో వసంతమే నిలిచినది. ఇంగ్లీషు, జర్మను భాషలలో వేసవి వచ్చినది. ఋతువు మారినను పక్షి మారలేదు, వాక్యపు పోకడ మారలేదు. ఇట్టిచోట మూల మొక్కటియే యనుట యుక్తము.

వేరొక తెగ యున్నది. ఉన్నచోటికే యున్నదానిని మోసికొనిపోవుటను గ్రీకులు ‘ఏథెన్సునకు గుడ్లగూబలను చేర్చుట’ యనిరి. గుడ్లగూబ యా నగరదేవత పక్షి, నాణెములపై ముద్ర. ఇంగ్లీషువారు బొగ్గుల రేవగు న్యూకాసిలునకు బొగ్గును, రష్యనులు సమోవారుల తయారికి పేరొందిన తూలా నగరమునకు సమోవారును మోయింతురు. జర్మనులు గుడ్లగూబలనే యుంచుకొనిరి. జర్మను నుడి యెరువు సొమ్మని స్పష్టము. తక్కినవి యా యా నేలలలో మొలచినట్లే తోచుచున్నవి.

ఇక కొండయు నెలుకయు. కొండ పురిటినొప్పులు పడి తుదకు చిట్టెలుకను కన్నదను మాటను, ఆర్భాటముగ కావ్యారంభము చేయు కవులను పరిహసించుచు హొరేసు వాడెను. గ్రీకు లోకమునను ఇది వ్యాపించియుండె ననుటకు ప్లూటార్కు సాక్షి: ఈజిప్టునకు వచ్చిన స్పార్టా రాజు అగెసిలాసు పొట్టివాడగు వృద్ధుడై కనబడగా, జనులీ మాటయే యని నవ్విరట. ఫ్రెంచి, జర్మను, రష్యను భాషలన్నిటను కొండ కనుటయే కలదు. మన ‘కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు’ అనుదానిలో కొండ కనదు, మనుష్యుడు త్రవ్వును. అట నవ్వులపాలైనది కొండ డంబము. ఇట నరుని వృథాశ్రమ. కన్నడ, తమిళ, హిందీ సామెతలును త్రవ్వుటనే చెప్పుచున్నవి. కావున మన సామెతకు చుట్టములను రోములో గాక యిరుగుపొరుగున వెదకవలెను.

ఇందుచే మేము చెప్పదలచినది యిది. బాంధవ్యమును నిర్ణయించుటకు భావసామ్యము చాలదు, వస్తుసామ్యమును చాలదు. కొండయు నెలుకయు రెండుచోట్లను కలవు గదా! క్రియయు కలిసినపుడే సంబంధమును శంకింపవలెను; అప్పుడును ఏ కాలమున, ఏ గ్రంథముద్వారా, ఏ దారిని వచ్చినదో చూపవలెను. సామెతలను సేకరించు పరిశోధకులు ఇరుగుపొరుగు భాషల పాఠములను ముందు చేర్చుకొని, పిదప సముద్రము దాటుట మేలు.