చెప్పడం, నేర్పడం

ఈత నేర్పుతాం; ఈత చెప్పం. మగ్గం పనైనా కుట్టుపనైనా నేర్పేదే. కాలేజీ గడప దాటగానే క్రియ మారిపోతుంది. ‘ఆ సారు ఫిజిక్స్ బాగా చెప్తారు’, ‘ఎకనామిక్స్ ఎవరు చెప్తున్నారు?’ అంటాం. చేతికి పట్టుబడాల్సిన విద్యకు నేర్పడం, పుస్తకవిద్యకు చెప్పడం. వాడుకలోని ఈ తేడా మన విశ్వవిద్యాలయాల స్థితిని ఉన్నదున్నట్టు చూపిస్తోంది.

చెప్పడానికి చెప్పేవాడొక్కడు చాలు. గంట కొట్టేసరికి పాఠం ‘అయిపోతుంది’. నేర్పడం అలా అయిపోదు. నడుచుకు నడుపు, నిలుచుకు నిలుపు ఎలాగో నేర్చుకు నేర్పు అలాగ. అవతలివాడు నేర్చితేనే ఇవతలివాడు నేర్పినట్టు. పాత తెలుగులో నేర్చుకు చేయగలగడమనే అర్థమూ ఉంది: చేయనేర్చు అంటే చేయగలడు, చెప్పనేరను అంటే చెప్పలేను. నామవాచకంగా నేర్పు అంటే కౌశలం. అది ఉన్నవాడు నేర్పరి. ఈ మాటల కుటుంబంలో తెలియడం వేరు, చేయగలగడం వేరు కాదు.

నేర్చు ఈనాడు ఒంటరిగా అరుదుగానే వినిపిస్తుంది, నేర్చుకొను అంటాం. వండుకొను, రాసుకొనులలో ఉన్న ‘కొను’ ఇదే. పని ఫలం చేసినవాడికే దక్కుతుందని దాని భావం. వంట ఇంకొకరిచేత చేయించుకోవచ్చు. నేర్చుకోవడం మాత్రం ఎవరికి వారు చేయాల్సిందే.

ఈ సంగతి గుర్తించి పాఠం తీరునే మార్చినవారున్నారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో వైద్యవిద్యను రోగి సమస్యతో మొదలుపెట్టింది. విద్యార్థులు చిన్న బృందాలుగా కూర్చుని తమకేం తెలుసు, ఏం తెలియదు, ఎక్కడ వెతకాలి అన్నది తామే తేల్చుకుంటారు. గురువు పక్కనుండి ప్రశ్నలడుగుతాడు, ఉపన్యాసమివ్వడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు ఎరిక్ మజూర్ 1991లో ఫిజిక్స్ తరగతిలో ఒక ప్రశ్న వేసి, మొదట ఎవరికి వారే జవాబివ్వమని, తరువాత పక్కవారితో వాదించి మళ్లీ జవాబివ్వమని అడగడం మొదలుపెట్టారు. పాఠానికి కావాల్సిన సమాచారం విద్యార్థులు క్లాసుకు ముందే పుస్తకంలో చదువుకుని రావాలి.

విద్యార్థికి ఈ పద్ధతి మొదట్లో కష్టమే. హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల్లోనే చేసి 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తామే తంటాలుపడి సమస్యలు సాధించినవారికి పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. అయినా తక్కువే నేర్చుకున్నామని వారనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవారు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. సాఫీగా చెప్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. తానుగా చేయబోయినప్పుడే తెలియనిది బయటపడుతుంది.

అలాగని విద్యార్థిని ఒంటరిగా వదిలేయడమూ నేర్పడం కాదు. మొదటి ఏడాది ప్రశ్న, దారి రెండూ గురువే ఇవ్వాలి. రెండో ఏడాది ప్రశ్న ఇచ్చి దారి విద్యార్థికి వదలాలి. చివరి ఏడాది ప్రశ్న కూడా విద్యార్థే వేసుకోవాలి. ఆసరా తీసేసే క్రమం తెలియడమే నేర్పేవాడి నేర్పు.

కాబట్టి అధ్యాపకులకు ఒక విన్నపం. సెమిస్టరు చివర ‘ఎంత చెప్పాను?’ అని లెక్క చూసుకోకండి. ‘నేను లేకుండా వీళ్లేం చేయగలరు?’ అని అడగండి. డిగ్రీకి విలువ తెచ్చేది ఆ జవాబే.