భజన మండలి (ఖమ్మం–భద్రాచలం ప్రాంతం)

ఊరి రామాలయాన్నో ఆంజనేయస్వామి గుడినో ఆసరా చేసుకుని కలిసి కీర్తనలు పాడే బృందం. సంప్రదాయంగా మగవాళ్ళదే. ఇప్పుడు ఖమ్మం నగరంలో భాగమైన ఖానాపురం హవేలి నుంచి గోదావరి ఒడ్డు అడవి పల్లెల దాకా ఈ నేలపై భజనకు ప్రాణం రామదాసు కీర్తనలే. 17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నే ఈ రామదాసు; పాల్వంచ పరగణా తహసీల్దారుగా భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. 19వ శతాబ్దంలో తూము లక్ష్మీనరసింహదాసు భద్రాచలం గుడి సేవలకు కట్టుబాటు ఏర్పరిచాడు.

ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావారు అందుకుంటారు. హార్మోనియం, డోలక్, తాళాలు, చిడతలు ఉంటే చాలు. పాట మెల్లగా మొదలై, కాలం పెరిగి, చివరికి మాటలకన్నా లయే వినిపిస్తుంది. చెక్కభజనలో దానికి అడుగులు తోడవుతాయి. స్వరం రాసుకునే అలవాటు తక్కువ. చెవితో పట్టుకోవడమే చదువు. ఏకాహమైతే 24 గంటలు, సప్తాహమైతే 7 రోజులు, వంతులవారీగా గొంతు ఆగనివ్వరు. ధనుర్మాసంలో తెల్లవారకముందే నగర సంకీర్తన. చావు జరిగిన ఇంట రాత్రంతా భజన చేసేదీ వీళ్ళే. మండలి విలువ ఊరికి బాగా తెలిసేది, బహుశా, అప్పుడే.

బ్రిటన్‌లోని వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల పురుష గాయక బృందాలు దీనికి దూరపు చుట్టాలు. 1883 నాటి ట్రియోర్కీ బృందం వాటిలో పేరున్నది. వాళ్ళు నాలుగు స్థాయిల గొంతులను కలిపి పాడతారు. ఇక్కడ అందరిదీ ఒకే బాణీ. ఇల్లెందులో 1889 నుంచే బొగ్గు తవ్వుతున్నా, ఇక్కడి బృందగానం గనిలో కాక గుడి అరుగు మీద పుట్టింది.